తొలి అభిప్రాయ సేకరణలు – అమెరికా అధ్యక్షుల పునరెన్నిక: ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

అమెరికాలో పదవిలో ఉన్న అధ్యక్షుడు మళ్ళీ గెలుస్తాడా లేదా అన్న చర్చ ఎన్నికకు ఏడాది, ఏడాదిన్నర ముందే మొదలవుతుంది. ఆ చర్చకు ప్రధాన ఆధారం అభిప్రాయ సేకరణలు. 1948, 1980, 1984, 1992 ఎన్నికలకు ముందు వెలువడిన తొలి అంకెలను తుది ఫలితాలతో పోల్చి, వాటిని చరిత్ర రచనకు ఆధారంగా ఎలా చదవాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తొలి అభిప్రాయ సేకరణ అది జరిగిన నాటి ప్రజాభిప్రాయానికి సాక్ష్యమనీ, దానిని జోస్యంగా చదివినవారి నిర్ణయాలు కొన్నిసార్లు ఎన్నిక గమనంలోనే భాగమయ్యాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అభిప్రాయ సేకరణ, ఆమోదశాతం, పునరెన్నిక, అమెరికా అధ్యక్షులు, ఆధార విమర్శ.

1. ఉపోద్ఘాతం

శాసనాన్ని చదివే చరిత్రకారుడు ముందుగా అది ఎవరు, ఎప్పుడు, ఎవరిని ఉద్దేశించి వేయించారని అడుగుతాడు. ఆధునిక రాజకీయ చరిత్రకు ఆధారాలైన అంకెల విషయంలో ఈ జాగ్రత్త తరచుగా కొరవడుతుంది. అంకె తనంతట తానే మాట్లాడుతుందన్న నమ్మకం అందుకు కారణం. అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు వెలువడే అభిప్రాయ సేకరణలు ఇందుకు మంచి ఉదాహరణ. ఎనిమిది దశాబ్దాలకు పైగా ఇవి క్రమం తప్పకుండా నమోదవుతూ వస్తున్నాయి. అందువల్ల ఎన్నికకు చాలా ముందు చెప్పిన మాటనూ, ఎన్నికనాడు జరిగినదానినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం పరిశోధకుడికి ఉంది.

1936 నుండి 2020 వరకు జరిగిన అధ్యక్ష ఎన్నికలలో పదవిలో ఉన్న అధ్యక్షుడు పోటీచేసినవి 15. వాటిలో అధ్యక్షుడు ఓడినవి నాలుగు: 1976లో ఫోర్డ్, 1980లో కార్టర్, 1992లో బుష్, 2020లో ట్రంప్. ఇంత తక్కువ సంఖ్య నుండి సూత్రాలు తీయడం సాహసమే. అయితే ఒక్కొక్క సందర్భాన్ని విడిగా పరిశీలిస్తే, తొలి అంకెలు ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో తెలుసుకోవచ్చు.

2. అభిప్రాయ సేకరణ: నేపథ్యం

అభిప్రాయ సేకరణ శాస్త్రీయతను సంతరించుకున్న సందర్భం కూడా ఒక పునరెన్నికే. 1936లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రెండవసారి పోటీ చేసినప్పుడు ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. తిరిగివచ్చిన 20 లక్షలకు పైగా బ్యాలెట్లను లెక్కించి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. ఫలితంలో రూజ్‌వెల్ట్‌కు 60.8 శాతం ఓట్లు, 48 రాష్ట్రాలలో 46 దక్కాయి. టెలిఫోను, కారు ఉన్నవారి జాబితాల నుండి ఎక్కువ చిరునామాలు తీసుకోవడం, తిరిగి పంపినవారి అభిప్రాయాన్నే అందరి అభిప్రాయంగా భావించడం ఆ పొరపాటుకు మూలాలు. మహామాంద్యపు రోజులలో టెలిఫోను లేని ఇంటివారి రాజకీయం వేరు.

1935లో సంస్థను స్థాపించిన జార్జ్ గాలప్ చాలా చిన్న నమూనాతో రూజ్‌వెల్ట్ గెలుపును సరిగా చెప్పాడు. ఎంతమందిని అడిగారన్న దానికంటే ఎవరిని ఎంచుకుని అడిగారన్నదే ముఖ్యమని అప్పుడు స్థిరపడింది. పన్నెండేళ్ళ తర్వాత గాలప్‌కు కూడా ఇదే పాఠం మరో రూపంలో ఎదురైంది.

3. ప్రశ్నల స్వరూపం

పునరెన్నిక అవకాశాలను అంచనా వేయడానికి ప్రధానంగా మూడు రకాల ప్రశ్నలు వాడుకలో ఉన్నాయి. అధ్యక్షుడు తన బాధ్యతలు నిర్వహిస్తున్న తీరును ఆమోదిస్తున్నారా, లేదా అన్నది మొదటిది. ఆయన మళ్ళీ ఎన్నిక కావడానికి అర్హుడేనా అన్నది రెండవది. ఫలానా ప్రత్యర్థితో ఈరోజే పోటీ జరిగితే ఎవరికి ఓటు వేస్తారన్నది మూడవది.

ఈ మూడూ ఒకటి కావు. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబును తెలుగులో ‘ప్రజాదరణ’ అని పిలిస్తే పొరపాటుకు తావుంటుంది. యుద్ధ సమయంలో అధ్యక్షుని పనితీరును ఆమోదించిన పౌరుడు ఆయన ఆర్థిక విధానాన్ని వ్యతిరేకించవచ్చు, ఓటు ఇంకెవరికైనా వేయవచ్చు. అందువల్ల ‘ఆమోదం’ అన్న మాటే ఇక్కడ తగినది. మూడవ ప్రశ్నలో చిక్కు వేరే విధమైనది. ఎన్నికకు ఏడాదిన్నర ముందు ప్రత్యర్థి ఎవరో తేలదు. ప్రశ్నలో పేరు లేని ప్రత్యర్థికి లోపాలు ఉండవు. అతనిలో ఎవరికి కావలసిన నాయకుణ్ణి వారు ఊహించుకుంటారు.

సుమారు వెయ్యిమందిని యాదృచ్ఛికంగా ఎంచుకుని అడిగినప్పుడు దోషపరిమితి ఇటూ అటూ మూడు శాతం ఉంటుందని సంస్థలు ప్రకటిస్తాయి. ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడాను లెక్కించేటప్పుడు ఆ పరిమితి దాదాపు రెట్టింపవుతుంది. ఈ పరిమితి కొలిచేది ఆనాటి నమూనాకూ ఆనాటి ప్రజలకూ మధ్య ఉన్న దూరాన్ని. ఆనాటికీ ఎన్నికనాటికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచే సూత్రం అందులో లేదు. పైగా అధ్యక్షుణ్ణి నిర్ణయించేది రాష్ట్రాలవారీగా వచ్చే 538 ఎలక్టోరల్ ఓట్లు. దేశవ్యాప్త శాతం ఆ పంపిణీని చూపదు.

4. 1948: ముందే ముగిసిందనుకున్న ఎన్నిక

రూజ్‌వెల్ట్ మరణంతో 1945 ఏప్రిల్‌లో అధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్‌కు ఆ జూన్‌లో గాలప్ సేకరణ 87 శాతం ఆమోదం చూపింది. యుద్ధం ముగిశాక ధరలు పెరిగాయి, సమ్మెలు సాగాయి. 1946లో కాంగ్రెస్ ఉభయ సభలు రిపబ్లికన్ల చేతికి వెళ్ళాయి. 1948 వసంతానికి ఆమోదం 40 శాతం దిగువకు జారింది. సొంత పార్టీలోని ఒక వర్గం ట్రూమన్‌ను తప్పించి ఐసెన్‌హోవర్‌ను అభ్యర్థిగా నిలపడానికి ప్రయత్నించి విఫలమైంది. హెన్రీ వాలెస్, స్ట్రోమ్ థర్మండ్ పార్టీ నుండి విడిపోయి వేరుగా పోటీ చేశారు.

సెప్టెంబరు 9న ఎల్మో రోపర్ తన సేకరణలో డ్యూయీకి 44, ట్రూమన్‌కు 31 శాతం వచ్చినట్లు చూపి, ఫలితం తేలిపోయినందువల్ల ఇకపై అంకెలు ప్రకటించబోనన్నాడు. ఎన్నిక నవంబరు 2న. మధ్యలో దాదాపు ఎనిమిది వారాలు ఉన్నాయి. ఆ వారాలలో ట్రూమన్ రైలులో దేశమంతా తిరిగి వందలాది ప్రసంగాలు చేశాడు. రిపబ్లికన్ కాంగ్రెస్ ఏ పనీ చేయలేదని రైతుల ముందు, కార్మికుల ముందు ఎండగట్టాడు. డ్యూయీ మాత్రం గెలిచినవాడిలా ఎవరినీ నొప్పించని ప్రసంగాలతో కాలం గడిపాడు. గాలప్ చివరి అంచనా డ్యూయీకి 49.5, ట్రూమన్‌కు 44.5 శాతం. ఫలితంలో ట్రూమన్‌కు 49.5 శాతానికి పైగా ఓట్లు, 303 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. డ్యూయీ 45 శాతం వద్ద ఆగాడు.

సామాజిక శాస్త్ర పరిశోధన మండలి నియమించిన సంఘం 1949లో తన నివేదికలో రెండు ప్రధాన కారణాలు చూపింది. ఒకటి కోటా పద్ధతి. ఇంతమంది స్త్రీలు, ఇంతమంది పురుషులు, ఇంత ఆదాయంవారు అని సంఖ్య నిర్ణయించి, వ్యక్తుల ఎంపికను ప్రశ్నలడిగేవారికే వదిలివేయడం వల్ల నమూనాలో చదువుకున్నవారి, స్థితిమంతుల పాలు పెరిగింది. రెండవది చివరి రోజుల మార్పును పట్టించుకోకపోవడం. మొదటిది నమూనా లోపం, రెండవది కాలానికి సంబంధించిన లోపం. ఆ తర్వాతి దశాబ్దాలలో మొదటిది చాలావరకు సవరణకు లోనైంది. తొలి అభిప్రాయ సేకరణలలో రెండవది నేటికీ స్వభావసిద్ధంగానే ఉంటుంది.

5. కార్టర్, రీగన్: ఎదురెదురు దారులు

1979 వేసవిలో జిమ్మీ కార్టర్ ఆమోదం 28 శాతానికి పడిపోయింది. పెట్రోలు కోసం వాహనాలు బారులు తీరిన రోజులవి. సొంత పార్టీలో ఎడ్వర్డ్ కెనెడీ ఆయనకంటే ఎంతో ముందున్నట్లు సేకరణలు చూపాయి. నవంబరు 4న టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ముట్టడికి గురైంది. మూడు రోజుల తర్వాత కెనెడీ పోటీకి దిగాడు. అప్పటికే గాలి మారుతోంది. విపత్తు వేళ దేశం అధ్యక్షుని వెనుక నిలిచింది. 1980 జనవరికి కార్టర్ ఆమోదం 58 శాతానికి చేరింది. ప్రైమరీలలో కెనెడీని ఓడించడానికి ఈ మార్పు తోడ్పడింది. సంవత్సరం మొదట్లో రీగన్‌పై కూడా కార్టర్‌దే స్పష్టమైన ఆధిక్యం. బందీల విడుదల ఆలస్యమైంది, ఏప్రిల్‌లో సైనిక ప్రయత్నం విఫలమైంది, ద్రవ్యోల్బణం 13 శాతం దాటింది. నవంబరులో కార్టర్‌కు దక్కినవి 41 శాతం ఓట్లు, 49 ఎలక్టోరల్ ఓట్లు. ఏడాదిన్నర కాలంలో వెలువడిన అంకెలలో 1979 వేసవివి పార్టీ అభ్యర్థిత్వం విషయంలో, 1980 జనవరివి తుది ఎన్నిక విషయంలో తప్పుదారి చూపాయి.

రీగన్ కథ దీనికి విపర్యయం. 1982 చివర నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. 1983 జనవరిలో ఆయన ఆమోదం 35 శాతం. డెమోక్రాట్లలో మాండేల్, జాన్ గ్లెన్ ఇద్దరూ ఆయనకంటే ముందున్నట్లు అప్పటి సేకరణలు తెలిపాయి. ఆ తర్వాత ఆర్థిక వ్యవస్థ వేగంగా కోలుకుంది. 1984లో నిరుద్యోగం 7.5 శాతం పరిసరాలకు దిగింది. రీగన్ 58.8 శాతం ఓట్లతో 49 రాష్ట్రాలు గెలిచాడు.

1983 జనవరి నాటి 35 శాతాన్ని పొరపాటు అనడానికి లేదు. ఉద్యోగాలు పోయిన కుటుంబాల బాధను అది నమ్మకంగా నమోదు చేసింది. దాని నుండి 1984 నవంబరును ఊహించడమే పొరపాటు.

6. 1991: 89 శాతం

గల్ఫ్ యుద్ధంలో కాల్పుల విరమణ 1991 ఫిబ్రవరి 28న జరిగింది. ఆ వెంటనే జరిగిన గాలప్ సేకరణలో జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్‌కు 89 శాతం ఆమోదం లభించింది. డెమోక్రాటిక్ పార్టీలో పేరున్న పలువురు పోటీకి దూరంగా ఉండిపోయారు. వారి కారణాలు వేర్వేరు కావచ్చు. బుష్‌ను ఓడించడం కష్టమన్న వాతావరణం మాత్రం ఆ ఏడాది బలంగా ఉంది. ఆ ఖాళీలోకి అక్టోబరులో ఆర్కన్సా గవర్నర్ బిల్ క్లింటన్ ప్రవేశించాడు.

1990 జూలైలో మొదలైన ఆర్థిక మాంద్యం గణాంకాల ప్రకారం 1991 మార్చిలోనే ముగిసింది. అయితే ఉద్యోగాలు తిరిగి రాలేదు. 1992 జూన్‌లో నిరుద్యోగం 7.8 శాతానికి చేరింది. కొత్త పన్నులు వేయనన్న 1988 నాటి వాగ్దానాన్ని 1990లో తప్పడం కూడా బుష్‌ను వెంటాడింది. 1992 వేసవిలో ఆయన ఆమోదం 29 శాతానికి పడిపోయింది. ఎన్నికలో ఆయనకు వచ్చినవి 37.4 శాతం ఓట్లు. క్లింటన్‌కు 43, స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకు 18.9 శాతం వచ్చాయి.

89 శాతం యుద్ధ విజయానికి వచ్చిన ఆమోదం. ఓటరు 1992లో తీర్పు చెప్పింది జీవనోపాధి మీద. ప్రశ్న మాటలలో మారలేదు. జవాబిచ్చేవాడి మనస్సులో దాని అర్థం మారింది.

7. బరి నుండి తప్పుకున్నవారు

పైన చూసినవన్నీ చివరివరకు పోటీలో నిలిచిన అధ్యక్షుల ఉదాహరణలు. ఇందులో ఒక పరిమితి ఉంది. ఆమోదం బాగా తగ్గినప్పుడు కొందరు అధ్యక్షులు పోటీ నుండే తప్పుకున్నారు. 1952 ఫిబ్రవరిలో ట్రూమన్ ఆమోదం 22 శాతానికి పడింది. న్యూ హ్యాంప్‌షైర్ ప్రైమరీలో ఓడిన ఆయన మార్చి 29న మళ్ళీ పోటీ చేయనని ప్రకటించాడు. వియత్నాం యుద్ధం నడుమ లిండన్ జాన్సన్ 1968 మార్చి 31న అదే చేశాడు. 2024లో జూన్ 27 చర్చ తర్వాత పార్టీలో ఒత్తిడి పెరిగి, జో బైడెన్ జూలై 21న వైదొలగాడు.

వీరు నిలిచి ఉంటే ఏమయ్యేదో రుజువు చేయడం సాధ్యం కాదు. 1948 అనుభవం ఉన్న ట్రూమన్ 1952లో మాత్రం తప్పుకోవడం గమనార్హం. అందువల్ల తక్కువ అంకెల నుండి కోలుకున్న ట్రూమన్, రీగన్‌ల ఉదాహరణలు చూపి తొలి సేకరణలకు విలువే లేదని తీర్మానించడం కూడా తొందరపాటే. కోలుకోలేమనుకున్నవారు ఫలితాల పట్టికలో కనబడరు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ఎన్నికకు ఏడాదికి పైగా ముందు తీసిన ఆమోదశాతం పునరెన్నికకు నమ్మదగిన సూచిక కాలేదు. 35 శాతం నుండి రీగన్ గెలిచాడు, 89 శాతం నుండి బుష్ ఓడాడు.

2. తొలి అంకె వెనుక ఉన్న కారణం అంకెకంటే ముఖ్యం. యుద్ధం, విపత్తు వల్ల పెరిగిన ఆమోదం త్వరగా కరిగింది. మాంద్యం వల్ల తగ్గిన ఆమోదం మాంద్యంతోపాటు తొలగిపోగలిగింది. ఆ కారణం ఎన్నికనాటికి నిలిచి ఉంటుందా అన్నదే అడగవలసిన ప్రశ్న.

3. తొలి అభిప్రాయ సేకరణలు రాజకీయ నాయకుల నిర్ణయాలలోకి ప్రవేశించాయి. డ్యూయీ నిశ్చింత, రోపర్ మౌనం, కెనెడీ పోటీ, 1991లో డెమోక్రాట్ల వెనుకంజ వాటిని అంకెల నుండి వేరుచేసి అర్థం చేసుకోలేం. ఈ విధంగా అభిప్రాయ సేకరణ చరిత్రకు ఆధారం మాత్రమే కాక చరిత్రలో ఒక పాత్ర కూడా.

4. కాబట్టి పరిశోధకుడు ఇటువంటి అంకెను ఉటంకించేటప్పుడు తేదీ, ప్రశ్న, నమూనా పద్ధతి, నాటి సంఘటనలు అనే నాలుగింటినీ తప్పక జతచేయాలి. ఫలితం తెలిసిన తర్వాత వెనక్కి చూసి, అనుకూలమైన అంకెను మాత్రమే ఏరుకోవడం చరిత్ర రచనకు తగదు.

1948 సెప్టెంబరులో రోపర్ అంకెలు ప్రకటించడం మానుకున్న నాటికి ఓటర్లలో అత్యధికులు ఇంకా ఓటు వేయలేదు. తొలి అభిప్రాయ సేకరణను చదివే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన సంగతి అదే.