నాక్సోస్ వ్యాధి: కండరక్షయం నుండి లయభంగం దాకా

గుండె లయ తప్పినప్పుడు ఇసిజి గీతలో నమోదయ్యేది విద్యుత్ మార్పు. ఆ విద్యుత్తు పయనించే కండరం ఏ స్థితిలో ఉన్నదో గీత నేరుగా చూపదు. ఈ రెండింటి సంబంధాన్ని కణస్థాయిలో తేటపరచిన ఘట్టాలలో ముఖ్యమైనది గ్రీసు దేశపు నాక్సోస్ ద్వీపానికి చెందినది.

దానికి పూర్వరంగం పారిస్‌లో ఏర్పడింది. 1970ల దశకంలో గీ ఫోంటెన్ బృందం, మందులకు లొంగని జఠరికల అతివేగ స్పందనకు శస్త్రచికిత్స జరిపే సందర్భంలో, కొందరి కుడి జఠరికలో కండరం స్థానాన్ని కొవ్వు ఆక్రమించి ఉండడం గమనించింది. 1982లో ఫ్రాంక్ మార్కస్, ఫోంటెన్ ప్రభృతులు 24 మంది వయోజన రోగుల వివరాలు ప్రచురించారు. వ్యాధికి పెట్టిన పేరు 'డిస్‌ప్లేసియా'. అనగా కండరం మొదటినుండే సరిగా రూపొందలేదని అర్థం. ఆ పేరు కొంత పక్కదారి పట్టించిందనే చెప్పాలి. పుట్టుకలోని లోపమే అయితే అది వయసుతో ఎందుకు ముదురుతున్నట్టు?

1986లో నికోస్ ప్రొటొనొటారియోస్, ఆయన సహచరులు నాక్సోస్ కుటుంబాలపై వెలువరించిన వ్యాసం ఊహించని ఆధారాన్ని అందించింది. ఆ రోగులకు పుట్టుకనుండే ఉన్నివంటి ఉంగరాల జుట్టు ఉండేది. పసితనంలో చేతులతో పట్టుకోవడం, నడవడం మొదలయ్యాక అరచేతులు, అరికాళ్ల చర్మం మందమయ్యేది. గుండె జబ్బు లక్షణాలు యౌవనారంభం నాటికి బయటపడేవి. రాపిడి, ఒత్తిడి ఉన్నచోటే చర్మం మారడం ఇక్కడ గమనార్హం.

2000లో ప్లాకోగ్లోబిన్ జన్యువులో రెండు క్షారాల లోపం బయటపడడంతో చర్మానికీ గుండెకూ గల చుట్టరికం అర్థమయింది. ఈ ప్రోటీన్ కణాన్ని కణంతో బిగించి ఉంచే డెస్మోజోమ్‌లో భాగం. ఆ బిగువు సడలితే, ఎడతెగని స్పందనల ఒత్తిడికి కండరకణాలు విడివడి నశిస్తాయి; ఆ చోటును కొవ్వు, నారకణజాలం నింపుతాయి. వాటి నడుమ మిగిలిన సన్నని కండరపు పాయల గుండా విద్యుత్ ప్రేరణ మందగించి, వంకరదారిన సాగుతుంది. అది వచ్చేసరికి వెనుకటి కండరం తిరిగి స్పందించడానికి సిద్ధమై ఉంటే, ప్రేరణ అక్కడే వలయంగా తిరుగుతుంది. అతివేగ స్పందనకూ, ఒక్కొక్కప్పుడు ఆకస్మిక మరణానికీ దారితీసేది ఈ వలయమే.

జుట్టులో, చర్మంలో ఏ గుర్తూ లేని రోగుల విషయంలోనూ పరిశోధకులు ఆ తర్వాత డెస్మోజోమ్ జన్యువులనే వెదికారు. 2004లో ప్లాకోఫిలిన్-2 అలాగే దొరికింది.