శ్రీకూర్మం శాసనాలు: ఉలి, గంటం, అక్షర రూపం

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మనాథుని ఆలయ స్తంభాల మీద చెక్కిన శాసనాలు ఇవి. ఎక్కువ భాగం తూర్పు గాంగుల కాలానివి. అఖండ దీపానికి ఎవరు ఎన్ని మాడలు (బంగారు నాణేలు) సమర్పించారో చెప్పే దాన శాసనాలు వీటిలో చాలా ఉన్నాయి. శక సంవత్సరం 1203 (క్రీ.శ. 1281) నాటి, ద్వైత యతి నరహరితీర్థుల సంస్కృత శాసనం ప్రసిద్ధం. చరిత్రకారులు వీటిని దానాల కోసం, తేదీల కోసం చదివారు. అక్షరాల వంపు కోసం చూస్తే ఇంకో సంగతి తోస్తుంది: రాతి మీద ఉన్నా ఇవి ఆకు మీద పుట్టిన అక్షరాలు.

ఉలికి సూటి గీత సులువు, వంపు కష్టం. కర్నూలు ప్రాంతపు ఎర్రగుడిలో అశోకుని బ్రాహ్మి లిపి చూడండి: ‘క’ అంటే కూడిక గుర్తు, ‘ర’ అంటే నిలువు గీత, ‘గ’ అంటే ఇంటి కప్పులా రెండు వాలు గీతలు. వెయ్యేళ్ళకు పైగా సాగిన రాతలో ‘గ’ కప్పు కమానుగా వంగింది. ‘ర’ నిలువు గీత కింది కొస పైకి మెలిదిరిగి, చివరికి సున్నాలా మూసుకుంది. మొదటినుంచీ గుండ్రంగా ఉన్న ‘ఠ’ మాత్రం తలకట్టు పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఈ వంపులకు కారణంగా అందరూ చెప్పేది తాటాకు. ఆకు పీచు పొడవునా సాగుతుంది. ఇనుప గంటంతో అదే దిశలో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది. అందుకే రాసేవాడు ఎడమచేతి బొటనవేలిని గంటానికి ఆనుగా పెట్టి, ఆకును జరుపుతూ, గుండ్రంగా గీస్తాడు. గీసినది కంటికి అంతగా కనిపించదు. తర్వాత మసి రుద్ది తుడిస్తే గాడిలో నిలిచిన నలుపే అక్షరం. ఇచ్ఛాపురం దాటితే కనిపించే ఒడియా అక్షరాలకు గొడుగులాంటి గుండ్రని తల రావడానికీ ఇదే కారణమంటారు.

ఈ వాదన సగమే నిజం. అదే తాటాకు మీద అదే గంటంతో రాసిన తమిళంలో ‘ప’, ‘ట’ అక్షరాలు మూలలు తేలి నిటారుగా నిలిచాయి. నేపాల్, బెంగాల్ లేఖకులు తాటాకు మీదే కలంతో, సిరాతో రాశారు. వారి లిపిలో తలగీత చెక్కుచెదరలేదు. కాబట్టి ఆకు ఒక్కటే కాదు, పనిముట్టూ చేతి అలవాటూ కూడా లెక్కలోకి వస్తాయి.

రోమన్ లిపి కథ వేరు. క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం మీద ఉలి తీర్చిన అక్షరాలే మన బడుల్లో ‘పెద్ద ఏబీసీడీలు’. చర్మపత్రం మీద ఈక కలం వేగానికి వంగి, ఎనిమిదో శతాబ్దం చివర ఫ్రాంకుల రాజు షార్లమేన్ కాలంలో కుదురుకున్నవి ‘చిన్న ఏబీసీడీలు’. రాయి ఒక వరస ఇచ్చింది, కలం మరో వరస ఇచ్చింది, రెండూ బతికాయి. శ్రీకూర్మంలో అలా జరగలేదు. గంటం పట్టిన చెయ్యి రూపాన్ని నిర్ణయిస్తే, ఉలి ఓపిగ్గా చిన్న చిన్న దెబ్బలతో దాని వంపులే తిప్పింది. తెలుగుకు పెద్ద, చిన్న అక్షరాల భేదం లేకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

మనకు చిన్న అక్షరాలకు దగ్గరగా వచ్చింది ఒక్కటే: కాగితం మీద కలం ఎత్తకుండా కరణాలు రాసిన గొలుసుకట్టు. ఆకు చీలే భయం పోయాక చెయ్యి పరుగెత్తింది. పాత భూమి దస్తావేజుల్లో అది ఇంకా కనబడుతుంది. చదివి చెప్పేవాళ్ళు మాత్రం అరుదు. అచ్చు వచ్చి అక్షరాలను మళ్ళీ విడివిడి సీసపు ముక్కలు చేసింది. ఇంగ్లీషు కంపోజిటరు పై అరలో పెద్దవి, కింది అరలో చిన్నవి పెట్టుకుంటే సరిపోయేది. తెలుగు కంపోజిటరు గుణింతాలకూ ఒత్తులకూ కలిపి వందల గళ్ళలో వేళ్ళు ఆడించవలసి వచ్చేది.