ఖాళీ స్లాట్లు దండగేనా?

మన హాలుకు చూస్తున్న పెద్ద మ్యాట్రిక్స్ స్విచ్చర్‌లో సగం స్లాట్లు ఖాళీగా ఉంటాయి, ఆ డబ్బు దండగ కదా అని కొందరు అడిగారు. దీనికి జవాబు టెలిఫోన్ చరిత్రలో ఉంది.

1891లో అమెరికాలో అంత్యక్రియల వ్యాపారం చేసే ఆల్మన్ స్ట్రోజర్, ఆపరేటరు లేకుండా లైన్లు కలిపే స్విచ్చికి పేటెంటు పొందాడు. తర్వాత క్రాస్‌బార్ వచ్చింది. అడ్డ కడ్డీలు, నిలువు కడ్డీలు, అవి కలిసేచోట కనెక్షను. మన వాకిట్లో కోలం చుక్కల వరసే అనుకోండి. 8 లైన్లను 8 లైన్లతో కలపాలంటే 64 చుక్కలు. 32 అయితే 1,024!

1953లో బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ క్లో మూడు అంచెలుగా అమర్చి, 100 లైన్లకు 10,000 బదులు 5,700 చాలని లెక్క తేల్చాడు. అయితే అది ఒకరితో ఒకరు మాట్లాడే ఫోను లెక్క. మనకు ఒకే కెమెరా బొమ్మ వేదిక తెరకూ, భోజనాల హాలు టీవీకీ ఒకేసారి పోవాలి.

మాడ్యులర్ రకాల్లో చాలావాటికి ఆ చుక్కల సామర్థ్యం ఫ్రేములోనే ఉంటుంది, కార్డులు తర్వాత కొనుక్కోవచ్చు. ప్లాట్‌ఫారం ముందే పొడుగ్గా కట్టి, పెట్టెలు తర్వాత తగిలించినట్టు. చిన్న ఫ్రేము కొంటే రేపు మొత్తం మార్చాలి.

బిగించేటప్పుడు కార్డులు తీసేసి, బరువు ఫ్రేమును ర్యాకు కింది భాగంలో పెట్టించండి. ఎర్తింగు, గాలి ఆడే చోటు, ప్రతి కేబులుకూ రెండు కొసల్లో నంబరు తప్పనిసరి. తెరలు తమ కొలతలు చెప్పే ఈడీఐడీని కూడా ముందే సెట్ చేయించాలి. లేకుంటే 4కే బొమ్మ పాత ప్రొజెక్టరులో రాదు.