పది రోజుల మంచం, మూడు రోజుల మంచం

చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల కుటుంబాలు నా ఉద్యోగ కాలమంతా నన్నడిగిన ప్రశ్న ఒకటున్నది. "సార్, పెద్ద ఆపరేషన్ అయింది గదా, ఎన్ని రోజులకు ఇంటికి పంపుతరు?" బాలింత వెంట వచ్చిన అమ్మమ్మకు పది రోజులు గుర్తు. పక్క మంచం మీది నేటి తల్లికి మూడు రోజులే తెలుసు. రెండు లెక్కలూ ఆయా కాలాలలో వైద్యులు ఆలోచించి పెట్టినవే. పది మూడుగా ఎట్లా మారిందో తెలిస్తే, ఇంటికి ఎప్పుడు పోవాలన్న ప్రశ్నకు జవాబు కూడా దొరుకుతుంది.

పందొమ్మిదవ శతాబ్దం మధ్య వరకు ఈ ఆపరేషన్ చేయించుకున్న తల్లులలో బ్రతికినవారు అరుదు. రక్తస్రావం, ఆ తరువాత చీము జ్వరం వారిని బలిగొనేవి. 1876లో ఇటలీలో ఎడ్వార్డో పోరో బిడ్డను తీసిన వెంటనే గర్భాశయాన్నే తొలగించి తల్లి ప్రాణం నిలిపారు. 1882లో జర్మనీలో మాక్స్ సాంగర్, గర్భాశయాన్ని తీసివేయనక్కరలేదని, జాగ్రత్తగా కుట్టి మూయవచ్చునని చూపారు. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలో గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ గర్భాశయం కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. నేడు మన ఆసుపత్రులలో ఎక్కువగా జరుగుతున్నది ఈ పద్ధతే.

మన ప్రాంతానికీ ఈ చరిత్రలో కొంత పాలున్నది. 1888, 1889లలో హైదరాబాదులో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ప్రభువు సాయంతో, క్లోరోఫాం మత్తుపై రెండు కమిషన్లు పనిచేశాయి. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో ధ్వంసమయింది. మొయినాబాద్ పక్కనున్న ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఆ వరద తరువాత కట్టినవే. పరదా చాటు స్త్రీల కోసం విక్టోరియా జనానా ఆసుపత్రి వచ్చింది. తన పరిచారిక ఒకామె కాన్పులో మరణించడం చూసి చలించిన నీలోఫర్ యువరాణి ప్రేరణతో 1953లో నీలోఫర్ ఆసుపత్రి వెలసింది. అయితే ఇవన్నీ నగరంలోనివి. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని చేవెళ్ళ వైపు పల్లెలలో కాన్పు చాలాకాలం మంత్రసాని చేతిలోనే ఉండేది. కాన్పు అడ్డం తిరిగితే మర్రిచెట్ల రోడ్డు వెంట నగరానికి పోవడమే దిక్కు.

మేము వైద్యం నేర్చుకున్న 1970లలో ఆపరేషన్ కాన్పు అంటే ఎనిమిది నుండి పది రోజుల మంచం. కడుపు మీద నిలువు కోత ఉండేది. చర్మానికి వేసిన కుట్లను ఏడవ, ఎనిమిదవ రోజున విప్పేవాళ్ళం. కుట్లు విప్పక ముందు ఇంటికి పంపడమనే మాటే లేదు. ఆ పది రోజులు కేవలం విశ్రాంతి కావు. రోజూ ఉదయం, సాయంత్రం జ్వరం చూసేవాళ్ళం, గాయం చూసేవాళ్ళం. పాలు పడుతున్నవో లేదో, బిడ్డ పసుపెక్కుతున్నదో లేదో నర్సమ్మలు కనిపెట్టేవారు. అంటే ఆసుపత్రి మంచం ఒక కాపలా కూడా.

ఆ మంచాన్ని కుదించినది వైద్య విజ్ఞానమే. 1899లోనే చికాగోలో ఎమిల్ రీస్ శస్త్రచికిత్స అయినవారిని త్వరగా లేపి నడిపించవచ్చునని వాదించారు. వైద్య లోకం దానిని ఒప్పుకోవడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. 1946లో డేనియల్ లీథాసర్ ఈ విషయంపై ఒక పుస్తకమే వ్రాశారు. కదలక పడుకుంటే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే క్షణాలలో ప్రాణం పోవచ్చు. త్వరగా నడిస్తే ఈ ముప్పు తగ్గుతుంది, పేగులూ త్వరగా కదులుతాయి. పెన్సిలిన్ మొదలైన యాంటీబయాటిక్‌లు, నడుముకు ఇచ్చే మత్తు సూది, శరీరంలోనే కరిగిపోయే కుట్లు తోడైన తరువాత పది రోజుల అవసరం తీరిపోయింది.

ప్రపంచంలో నేడు ఒకే లెక్క లేదు. బీమా సంస్థలు తల్లులను మరీ త్వరగా పంపించివేస్తున్నాయన్న ఆందోళనతో అమెరికా 1996లో ఒక చట్టం చేసింది. సిజేరియన్ తరువాత 96 గంటలలోపు కాలానికి బీమా చెల్లింపును ఆ సంస్థలు నిరాకరించరాదు. బ్రిటన్ మార్గదర్శకాలు మాత్రం బాగా కోలుకుని, జ్వరం లేని తల్లి కోరితే 24 గంటల తరువాత పంపవచ్చునంటాయి, కాని ఇంటివద్ద పర్యవేక్షణ ఉండాలంటాయి. 92 దేశాల వివరాలతో 2016లో వెలువడిన ఒక పరిశీలనలో సిజేరియన్ తరువాతి సగటు బస ఒక దేశంలో 2.5 రోజులుంటే మరొక దేశంలో 9.3 రోజులున్నది.

ఇక మన సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పులలో 60.7 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతమే. ఇన్ని ఆపరేషన్లు జరిగేచోట మంచాల కొరత సహజం. కొత్త తల్లి వచ్చేసరికి పాత తల్లి లేవవలసి వస్తుంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్ అయిన తల్లికి ఏడు రోజుల వరకు ఉచిత భోజనం, ఉచిత మందులు, పరీక్షలు, ఇంటికి చేర్చే వాహనం హక్కుగా లభిస్తాయి. ఈ హక్కు సంగతి చాలామందికి తెలియదు.

ఇక్కడొక చిక్కున్నది. ఆసుపత్రిలో మామూలు కాన్పు అయితే ఆశా కార్యకర్త 3వ రోజు నుండి ఇంటికి వచ్చి చూడాలి. సిజేరియన్ అయితే తల్లి ఐదారు రోజులు ఆసుపత్రిలోనే ఉంటుందన్న ఊహతో ఆమె సందర్శనలు 7వ రోజు నుండి మొదలయ్యేలా లెక్క వేశారు. తల్లి మూడవ రోజే ఇల్లు చేరితే మధ్యలో నాలుగు రోజులు ఎవరి కాపలా లేదు. మంచం ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చింది గాని, కాపలా దాని వెంట రాలేదు.

ఆ నాలుగు రోజులే కీలకమైనవి. రక్తస్రావం ముప్పు మొదటి 24 గంటలలో ఎక్కువ. కాని గాయానికి చీము పట్టడం సాధారణంగా 4వ రోజు నుండి 7వ రోజు మధ్య బయటపడుతుంది. కాన్పు తరువాత రక్తపోటు 3వ రోజు నుండి 6వ రోజు వరకు పెరగవచ్చు. శిశువు కామెర్లు 3–5 రోజులలో తారస్థాయికి చేరుతాయి. ఆపరేషన్ అయిన తల్లికి పాలు పడటమూ కొంత ఆలస్యమవుతుంది.

మొయినాబాద్ వైపు పల్లె నుండి వచ్చిన ఒక తల్లిని నేను మరువలేను. వేరొకచోట ఆపరేషన్ జరిగి మూడవ రోజున ఇంటికి చేరింది. ఐదవ రోజున జ్వరం వస్తే పాలు గడ్డకట్టిన జ్వరమనుకున్నారు. ఎనిమిదవ రోజున నా దగ్గరకు వచ్చేనాటికి గాయం విచ్చుకుని ఉన్నది. మరొక నాలుగు వారాలు ఆమె మంచం పట్టింది. బిడ్డకు పోతపాలే గతి అయ్యాయి. ఐదవ రోజున ఒక్కరు వెళ్ళి ఆ గాయాన్ని చూసి ఉంటే ఇంత జరిగేది కాదు. 2022 ఆగస్టులో మన జిల్లాలోనే ఇబ్రహీంపట్నంలో 34 మందికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగి, ఇల్లు చేరిన తరువాత ఆరోగ్యం క్షీణించి నలుగురు తల్లులు మరణించారు. అది సిజేరియన్ కాకపోయినా పాఠం ఒకటే. ఆపరేషన్ తరువాతి ప్రమాదం ఇంటి గడప దాటి కూడా వస్తుంది.

మన పెద్దలు 21వ రోజు తొట్టెల వరకు బాలింతను తల్లిగారింట కనిపెట్టుకుని ఉండేవారు. ఆ కాపలా మంచిది. అయితే చీకటి గదిలో కదలనీయకుండా పడుకోబెట్టడం, నీళ్ళు తాగనీయకపోవడం, గదిలో పొగ వేయడం హానికరం. నీళ్ళు తగ్గితే, కదలిక ఆగితే గడ్డల ముప్పు పెరుగుతుంది.

కనుక అమ్మమ్మలకు, నేటి తల్లులకు నా జవాబు ఇది. తల్లీబిడ్డలు బాగుంటే మూడు పూర్తి రోజుల తరువాత, అంటే 72 గంటలు దాటాక ఇంటికి పోవచ్చు. అయితే జ్వరం లేకుండా, రక్తపోటు అదుపులో ఉండి, మూత్రం సాఫీగా వస్తూ, తిన్నది ఇముడుతూ, తల్లి తానే నడుస్తూ, బిడ్డ పాలు తాగుతూ ఉండాలి. రక్తహీనత, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, ఇల్లు దూరమైనవారు, చూసే మనిషి లేనివారు ఐదు నుండి ఏడు రోజులు ఉండటమే క్షేమం. ముందే ఇంటికి పంపితే 5వ రోజున, 7వ రోజున గాయం ఎవరు చూస్తారో అడిగి, ఆ తేదీలు చీటీ మీద వ్రాయించుకుని మరీ కదలండి. జ్వరం, గాయం నుండి చీము లేదా దుర్వాసన, గుడ్డలు తడిసిపోయేంత రక్తం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలికే వాపు, ఆయాసం, బిడ్డ పాలు మానడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే వరకు ఆగక 108కు ఫోన్ చేయండి.