న్యూ ఇంగ్లండ్ చిన్న స్కీ కొండలు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో కుటుంబాలో, క్లబ్బులో, ఊరివాళ్ళో సొంతంగా నడుపుకునే స్కీయింగ్ స్థలాలు ఇవి. చాలావాటికి హోటళ్ళు, అంగళ్ళు ఉండవు. ఒక గుట్ట, దాని కింద చలి కాచుకోవడానికి ఒక కట్టడం, పైకి లాగే ఒకటి రెండు యంత్రాలు, అంతే. అమెరికాలో స్కీయింగ్‌ను డబ్బున్నవాళ్ళ సరదా నుంచి బడిపిల్లల ఆటగా మార్చింది ప్రధానంగా ఇవేనని చెప్పాలి.

యంత్రాలు రాకముందు స్కీయింగ్‌లో ఎక్కువ భాగం కొండ ఎక్కడమే. గంటసేపు ఎక్కితే కొద్ది నిమిషాల్లో దిగిపోయేవారు. 1931లో బోస్టన్ నుంచి స్కీయర్ల కోసం ప్రత్యేక రైళ్ళు మొదలై జనం పెరిగారు కానీ ఎక్కే శ్రమ తగ్గలేదు. 1934 జనవరిలో వెర్మాంట్ రాష్ట్రం వుడ్‌స్టాక్‌లో గిల్బర్ట్ అనే రైతు బీడులో దేశంలోనే మొదటి ‘రోప్ టో’ పెట్టారు. రెండు కొసలూ కలిపిన పొడవాటి తాడును ఫోర్డ్ మోడల్-టి ఇంజన్ తిప్పుతుంటే, దాన్ని పట్టుకున్నవాళ్ళు స్కీల మీద నిలబడే పైకి జారుతూ పోయేవారు. కెనడాలోని క్విబెక్‌లో అప్పటికే ఇలాంటిది ఉంది. తడిసిన తాడు బరువెక్కి చేతులు లాగేసేది, తొడుగులు ఇట్టే చిరిగేవి. అయినా పాత ఇంజన్, కొన్ని చక్రాలు, తాడు ఉంటే చాలు కాబట్టి కొద్ది ఏళ్ళలోనే ఎందరో రైతులు శీతాకాలంలో స్కీ కొండల యజమానులయ్యారు. మసాచుసెట్స్‌లోని బుస్కే కొండ మీద 1936లో జనరల్ ఎలక్ట్రిక్ సాయంతో దీపాలు పెట్టి రాత్రి స్కీయింగ్ కూడా నడిపారు.

అదే 1936లో పడమటి రాష్ట్రం ఐడహోలో యూనియన్ పసిఫిక్ రైల్వే తన సన్ వ్యాలీ రిసార్టులో కుర్చీల్లో కూర్చోబెట్టి పైకి మోసే తొలి చైర్‌లిఫ్ట్ పెట్టింది. ఓడలోకి అరటిగెలలు ఎక్కించే యంత్రం దానికి నమూనా. చిన్న కొండకూ పెద్ద రిసార్టుకూ మధ్య ఖర్చులో ఎడం అక్కడే మొదలైంది.

కుటుంబ కొండల్లో పేరెన్నికగన్నది వెర్మాంట్‌లోని కోక్రన్స్. ఇంజనీరు మికీ కోక్రన్, ఆయన భార్య జిన్నీ 1961లో ఇంటి వెనక గుట్టకు రోప్ టో బిగించి, బడి అయ్యాక తమ నలుగురు పిల్లలకు దీపాల వెలుగులో సాధన చేయించారు. నలుగురూ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. వారిలో బార్బరా ఆన్ 1972లో సప్పోరోలో స్లాలం పోటీ స్వర్ణాన్ని 0.02 సెకన్ల తేడాతో గెలిచింది. ఆమె కొడుకు రయన్ 2022 బీజింగ్‌లో సూపర్-జి రజతం తెచ్చాడు. పక్కింటి పిల్లలు కూడా రావడంతో స్కీ స్థలంగా ఎదిగిన ఈ కొండ 1998లో లాభాపేక్ష లేని సంస్థగా మారింది.

మిగతావాటి గతి వేరు. కృత్రిమంగా మంచు కురిపించే పద్ధతిని తొలిరోజుల్లో వాడి చూసినవాటిలో కనెక్టికట్‌లోని మోహాక్ మౌంటెన్ అనే చిన్న కొండ ఒకటి. తీరా ఆ పద్ధతి వ్యాపారానికి తప్పనిసరి అయ్యేసరికి చెరువు, పంపులు, కంప్రెసర్ల ఖర్చు చిన్నవాళ్ళ చేతికి అందలేదు. 1973-74లో పెట్రోలు కొరత, 1979-80లో మంచు కరువు వరసగా దెబ్బతీశాయి. 1978లో వెర్మాంట్ సుప్రీంకోర్టు గాయపడిన స్కీయర్‌కు స్ట్రాటన్ రిసార్టు 15 లక్షల డాలర్లు ఇవ్వాలన్న తీర్పును సమర్థించింది. అటుపై బీమా ప్రీమియం మోయలేని భారమైంది. ఇలా న్యూ ఇంగ్లండ్‌లో మూతబడ్డ స్కీ స్థలాలు 600 పైనే అని వాటి చరిత్ర సేకరిస్తున్న జెరెమీ డేవిస్ లెక్క. వాటిలో చాలాచోట్ల ఇప్పుడు అడవి పెరిగింది.

నిలిచినవాటిలో కొన్ని యాజమాన్యం మార్చుకుని నిలిచాయి. వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్‌ను 1995లో అక్కడ స్కీయింగ్ చేసేవాళ్ళే సహకార సంఘంగా ఏర్పడి కొనుక్కున్నారు. 2007లో దాని ఒంటి కుర్చీల లిఫ్టును మార్చి ఎక్కువమందిని మోసేది పెట్టే అవకాశం ఉన్నా, పాతదాన్నే బాగుచేయించుకున్నారు. వ్యాపార దృష్టితో చూస్తే వింత నిర్ణయమే, సభ్యులు మాత్రం దానికే విరాళాలిచ్చారు.

ఈలోగా చిన్న కొండలకు మరో పోటీ వచ్చింది. వెయిల్ అనే రిసార్టుల కంపెనీ 2008లో తెచ్చిన ఎపిక్ పాస్, 2018లో వచ్చిన ఐకాన్ పాస్ ఒక్క టికెట్టుతో ఎన్నో పెద్ద రిసార్టులు తిరగనిచ్చి జనాన్ని అటు లాగాయి. దానికి జవాబుగా 2019లో ఇండీ పాస్ వచ్చింది. ఈ పాస్ కొన్నవారు ఇందులో చేరిన ఒక్కో స్వతంత్ర కొండ మీద రెండేసి రోజులు గడపవచ్చు.