మూడో వాల్వు

"బొటనేలు సుట్టుకోకు బాబూ. మిగతా ఏళ్ల పక్కనే ఎట్టు," అంటున్నాడు మేస్త్రీ.

బంపరు మధ్య కన్నంలోంచి దూర్చిన స్టార్టింగ్ హ్యాండిల్ మీ చేతిలో ఉంది. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే బొటనవేలు విరుగుతుంది. ప్లగ్గు వైర్లు పీకేసే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు ఆ భయం లేదు. అయినా అలవాటు ఇవాళే పడాలంటాడాయన.

నెమ్మదిగా తిప్పుతారు. మూత తీసిన డిస్ట్రిబ్యూటర్‌లో రోటరు ఒకటో వైరు వైపు తిరగగానే చేతికి బరువు తగులుతుంది. దాన్ని దాటిస్తారు. అర చుట్టు తర్వాత మళ్లీ తగలాలి. తగలదు, హ్యాండిల్ ఉత్తినే జారిపోతుంది. ఆ తర్వాత రెండుసార్లూ గట్టిగానే ఉంది. ఈ ఇంజిన్ పేలే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఒకటి వెంటనే రావలసినది రాలేదంటే తేడా మూడో సిలిండర్లోనే.

"పక్క మూత ఇప్పు," అంటాడు మేస్త్రీ, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుంటూ.

ఈ ఊరు పద్మనాభం. ఆ పేరనగానే ఎవరికైనా కొండమీది అనంత పద్మనాభస్వామి, 1794 జూలై 10 నాటి యుద్ధం గుర్తొస్తాయి. ఈ పెరట్లో సపోటా చెట్టు కింద దుంగల మీద నిలబడ్డ జీపును చూసేందుకు ఎవరూ రారు, కోళ్లు తప్ప. ఇది మహీంద్రా సీజే-3బీ, జనం భాషలో హై బానెట్. అమెరికాలో విల్లీస్ 1953లో మొదలుపెట్టగా 1968లో ఆగిపోయిన మోడల్ ఇది. మన దేశంలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారైంది. అందుకే అసలు పుట్టినచోటి కంటే మన దగ్గరే సామాను సులువుగా దొరుకుతుంది.

బానెట్ అంత ఎత్తు అందం కోసం కాదు. యుద్ధకాలపు జీపులో వాల్వులన్నీ బ్లాకు పక్కనే ఉండేవి. దీంట్లో పెట్రోలు పీల్చే వాల్వుల్ని హెడ్డు మీదికి తెచ్చి, పొగ వదిలేవాటిని కిందే ఉంచారు. 2.2 లీటర్ల ఇంజిన్ పొడుగైంది, బానెట్ లేచింది.

రెండు బోల్టులు తీస్తే రేకు మూత ఊడి వచ్చింది. లోపల వరసగా స్ప్రింగులు, నల్లటి ఆయిలు జిడ్డు. టార్చి పట్టుకుని మీరు చూస్తుంటే మేస్త్రీ హ్యాండిల్ తిప్పుతున్నాడు. ఒక్కో ట్యాపెట్ లేచి వాల్వు కాడను పైకి నెడుతుంది, అది దిగితే వాల్వూ దిగుతుంది. మూడోది మాత్రం లేచింది లేచినట్టే ఉంది. కింద ట్యాపెట్ దిగిపోయింది, మధ్యలో చిటికెన వేలి గోరు దూరేంత సందు. అంత సందుంటే సిలిండర్లో గాలి నిలిచేదెలా?

"సూసినావా? తుప్పూ, మసీ కలిసి అట్టేసినాది."

కిరసనాయిలులో ఇంజిన్ ఆయిలు కలిపి చుక్కచుక్కగా కాడ మీద పోస్తారు. కాసేపు ఆగుతారు, తిప్పుతారు, మళ్లీ పోస్తారు. వయసులో పాడేరు ఘాట్‌లో సర్వీసు జీపు నడిపిన రోజుల సంగతి ఎత్తుకుంటాడు మేస్త్రీ. సంత రోజున లోపలెంతమందో పైనా అంతమందే. ఆ కబుర్ల మధ్యలో టక్‌మని చప్పుడు. సందు మాయమైంది.

జీపు కొన్నవాళ్లు ముందు పరిగెత్తేది టింకరింగ్ షెడ్డుకి. లావు టైర్లు, పాటల పెట్టె, మెరుపు రంగు. నాకది పెళ్లికొడుకును ముస్తాబు చేసి లేపలేకపోవడంలా ఉంటుంది. పైగా 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకూడదు. కొత్త నమోదుకి ఫీజు 20,000 రూపాయలు, నంబర్లో 'వీఏ' అని వస్తుంది. అలా చేయిస్తే ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్లొచ్చు గానీ రోజూ సంతకెళ్లి కూరగాయలు తేవడం కుదరదు. సంతలు తిరిగిన బండికి ఇదేం శిక్షో!

ఇక డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు. ఎమిరీ కాగితంతో నల్లమచ్చలు గీకి, ఫీలర్ గేజి పెడతారు. సందు అంగుళంలో వెయ్యింట 20 వంతులు, అంటే అర మిల్లీమీటరు. రేకు బిగుతుగానూ కాకుండా వదులుగానూ కాకుండా జరగాలి. స్క్రూ బిగించగానే సందు మారిపోతుంది. మళ్లీ మొదలు.

వైర్లు తగిలించి, సీసాలోంచి కార్బరేటర్‌కి పెట్రోలు పెడతారు. బొటనవేలు పక్కనే ఉంది. ఒక్క గుంజు. తుమ్ము లాంటి చప్పుడు. రెండో గుంజుకి తెల్లపొగ పెరడంతా కమ్మేసింది, కోళ్లు గోడెక్కాయి. దగ్గుతోంది, తడబడుతోంది, నాలుగూ ఒకటొకటిగా అందుకుంటున్నాయి. ఆయిలు ముల్లు లేచింది. మీరు గెంతుతున్నారు.

మేస్త్రీ సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాడు. పెడలు నేలకి తగిలింది.

"ఇంజినుకేటి, నడుత్తాది. దీన్ని ఆపీదెవలు?"

ఇంజిన్ కట్టేసి వెనక ఎడమ చక్రం విప్పారు. బ్యాక్ ప్లేటు కింద తడి, వీల్ సిలిండర్ కారుతోంది. నట్టు ఊడినా డ్రమ్ము కదలదు. ఇరుసు కొస సన్నబడుతూ ఉంటుంది, డ్రమ్ము దానిమీద బిగుసుకుపోతుంది. సుత్తితో కొడితే పగిలేది డ్రమ్మే. పెద్ద పుల్లరు కావాలి. విజయనగరంలో ఎవరి దగ్గరుందో మేస్త్రీ ఫోన్లో వాకబు చేస్తున్నాడు. మీరు దొర్లిపోయిన నట్టు కోసం మట్టిలో వెతుకుతున్నారు.