మోటుపల్లి యభయశాసనము – సముద్రాధికారము

తటస్థశబ్దమునకు గట్టున నున్నవాఁడని వ్యుత్పత్తి. ఇరువురు పోరాడునప్పుడు గట్టున నిలుచువాఁడు తటస్థుఁడు. ఆ గట్టునుండి కడలిపై నెంతవఱకు తన యధికారము చెల్లునో నిర్ణయించుట క్రొత్తరాజ్యములకుఁ గలుగు తొలిచిక్కులలో నొకటి. 1793లో ఇంగ్లండు ఫ్రాన్సులు పోరుచుండఁగా, బ్రిటిషువారు స్వాతంత్ర్యము నంగీకరించిన పదియేండ్లకే యమెరికా తాను తటస్థనని చాటి, తీరమునుండి మూఁడుమైళ్లజలము తన యధీనమని తెలిపెను. ఫిరంగిగుండు చేరునంతవఱకే తీరాధిపతి యధికారమను ఐరోపా పండితుల వాదము దీనికి మూలము. స్వతంత్రభారతము 1956లో ఆఱు, 1967లో పండ్రెండు నావికమైళ్లను బ్రాదేశికజలములుగాఁ బ్రకటించి, 1976లో చట్టముచే స్థిరపఱచెను. ఈ ప్రశ్నమునకుఁ గ్రొత్తగాఁ గడలియొడ్డు చేరిన తెలుఁగురాజ్య మొకటి వేఱొకరీతి నుత్తర మొసఁగెను. అది విచారింపఁదగినది.

కాకతీయుల పుట్టినిల్లు మెట్టనాఁడు. 1163 నాఁటి హనుమకొండ శాసనము రుద్రదేవుని స్వాతంత్ర్యమును దెలుపుచున్నది. గణపతిదేవుని శాసనములలో మనకుఁ దెలిసినవానిలో మొదటిది 1199 నాఁటి మంథెన శాసనము. మంథెన నేఁటి రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతమునకు దాపున నున్నది. కడలి కంతదూరమున నున్న యీ రాజ్యము వెలనాఁటిని జయించి తీరము చేరెను. శకసంవత్సరము 1166, అనఁగా క్రీ.శ. 1244-45లో, నేఁటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిరేవున అభయశాసనము నిలుపఁబడెను. అది యచ్చటి వీరభద్రాలయమునఁ గలదు.

పూర్వరాజులు, గాలివానలకుఁ జెడి తీరమునఁ బడిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సరకునంతయు బలిమిఁ గొనుచుండిరని యందుఁ గలదు. ప్రాణముకంటె ధనమే ఘనమని యెంచి సముద్రయాత్రకుఁ దెగించిన వర్తకులకు, దయచేతను గీర్తిధర్మముల కొఱకును, నియతసుంకము తప్పఁ దక్కినదంతయు విడిచితిమని గణపతిదేవుఁడు శాసించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకపాలు. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు మున్నగువానికి వేర్వేఱుగా సుంకములు చెప్పఁబడినవి. ఈ యభయ మేదో యొక దేశపువారికిఁ గాక, సకలద్వీపముల నుండి వచ్చిపోవువారి కెల్లరకును జెందినది.

శాస్‌ధాతువున కాజ్ఞాపించుట యొక యర్థము. ఈ యాజ్ఞ యెవరికి? వర్తకులకుఁ గాదు, వారి కభయము. ఆజ్ఞ రాజపురుషులకు, ఒకవిధమున రాజునకే. తనది కానిదానిని విడుచుట యెవ్వరికిని సాధ్యము కాదు. కావున విడిచితిమనుటలోనే తీరముపై నధికార మిమిడియున్నది. సుంకముకొఱకే యీ దయ యని కొంద ఱనవచ్చును. ఓడ రానిచో సుంకము లేదనుట నిజమే. కాని సుంకముయొక్క మేర రాతిపైఁ జెక్కఁబడిన పిమ్మట అది వర్తకునెంతో రాజునుగూడ నంతగఁ గట్టును. అయినను ఇందు జలముల కొలత లేదు. యుద్ధకాలపుఁ దాటస్థ్యప్రసక్తియు లేదు. ఈ భేదమును మఱవరాదు.

1323లో ఓరుగల్లు పడిన తరువాత, 1358లో అనపోతరెడ్డి మోటుపల్లి వర్తకులకు మరల నభయ మీయవలసివచ్చెను. వచ్చువారు స్వేచ్ఛగా నుండవచ్చును, పోవచ్చును. పుత్రులు లేనివారి ధనమును రాజు గొనఁడు. రాజ్యము మాఱినప్పుడెల్ల నభయమును క్రొత్తగాఁ జెప్పవలసివచ్చుట యట్టి ధర్మముయొక్క దౌర్బల్యమును జూపును. చెప్పక తప్పకుండుట దాని యావశ్యకతను జూపును. ఫిరంగిగుండు పోవుదూరమున నధికారమును గొలిచినవారికంటె శతాబ్దములకు ముందే, తాను విడిచినదానిచేఁ దన యధికారమును జాటిన రాజు తెలుఁగునాఁట నుండెను. సముద్రధర్మముల చరిత్ర వ్రాయువా రీ శాసనమును వర్తకచరిత్రమునకే వదలిపెట్టుట యుచితము కాదని నా తలంపు.